కాలువ కట్టేలోపల

కొత్తపేట,
23 ఫిబ్రవరి 1953.

నాన్నకు, అమ్మకు రత్నమాల నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. వచ్చే నెల ఇరవై తొమ్మిదిన మన ఊళ్లో పంచాయతీ ప్రెసిడెంటు కోసం చేతులెత్తుతారు. ఏప్రిల్ పదిహేనున నీళ్లు ఆపేసి కాలువలు కట్టేస్తారు. ఆ రెండు తేదీల మధ్య ఉన్న కొద్ది రోజుల్లోనే ఈ వేసవికి మన వీధి ఏ నీళ్లు తాగుతుందో తేలిపోతుంది. సెలవులకి వచ్చినప్పుడు చెప్దామనుకుంటే అప్పటికి చెప్పడానికేమీ మిగలదు.

మొన్న మా బడికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పిల్లలకి సూదులు వేశారు. ఆయన వెళ్లేముందు మన ఊరి సంగతి కదిపాను. కాలువ కట్టాక ఏ నీళ్లు తాగుతారని అడిగారు. రేవు దగ్గర కాలువ అడుగున మడుగు మిగులుతుంది, ఆ నీళ్లే అన్నాను. ఆ మడుగులో ఇంకేం చేస్తారన్నారు. చెప్పడానికి సిగ్గేసింది. గేదెల్ని అక్కడే కడుగుతాం. గుడ్డలక్కడే ఉతుకుతాం. చెంబు పట్టుకుని గట్టు మీదకి వెళ్లినవాళ్లు కూడా అక్కడే దిగుతారు. ఆయన సూదుల పెట్టె మూసేశారు. తరవాత, "మీ ఇంట్లో ఎవరైనా పోయారా అమ్మా?" అన్నారు.

తమ్ముడు సత్తిబాబు వాంతులతో పోయినప్పుడు పచ్చిమామిడికాయ తిన్నాడన్నాం. ఆ వేసవిలో మన వీధిలో పోయినవాళ్లందరూ మామిడికాయలే తిన్నారా నాన్నా? నోట్లో ఒక్క పన్ను లేని మాచమ్మవ్వ కూడా తిందా?

ఊరికి మంచినీళ్ల గుంట ఉండేదని నువ్వే చెప్పేవాడివి. కాలువ కట్టేముందు దాన్ని నింపి, చుట్టూ ముళ్లకంప వేసి, ఒక్క మనిషే దిగి అందరి కడవల్లోనూ తోడి పోసేవాడని. అది పంచాయతీ గుంట. ఇప్పుడు ప్రెసిడెంటుకి పోటీచేస్తున్న బంగారరాజుగారు దానిలో కొబ్బరి డొక్కలు నానేసి పీచు తీయించడం మొదలుపెట్టాకనే మనం మడుగు నీళ్లకి దిగాం. మత్తయి మాస్టారు ప్రెసిడెంటైతే ముందు ఆ గుంట ఖాళీ చేయించి, కాలువ పారుతుండగానే నింపిస్తానన్నారట. నువ్వూ అమ్మా ఆయనకే చెయ్యెత్తాలి. ఓటంటే పెద్దమనిషి మెడలో దండ వేయడం అనుకోకు. చెల్లి పురిటి మంచం పక్కన పెట్టే చెంబులో ఏ నీళ్లు ఉండాలో మనం చెప్పడం.

నా ఉత్తరాలు నీకు చదివిపెట్టేదీ, నీ మాటలు నాకు రాసిపెట్టేదీ మాస్టారే. మాస్టారూ, మీ గురించి రాసినది మీరే చదవాలంటే మొహమాటంగా ఉంటుంది. అయినా దాటెయ్యకండి. చిన్నప్పుడు నేను అక్షరం దాటేస్తే మీరు బెత్తం తీసేవారు. ఇప్పుడు నా చేతిలోనూ ఒకటి ఉంది.

మీ కూతురు,
రత్నమాల.


పొన్నవానిపాలెం,
2 మార్చి 1953.

అమ్మా రత్నం,

నాన్న చెప్తున్నాడు, మాస్టారు రాస్తున్నారు. నీ ఉత్తరం చదివేరు. తన పేరు వచ్చిన చోటల్లా ఆయనకి దగ్గొచ్చింది. మీ అమ్మ తడికె అవతల నించి, "దగ్గు తగ్గేకే చదవండి మాస్టారూ, ఆ ముక్కే నాకు కావాలి" అంది.

నువ్వు చెప్పింది అబద్ధమని అనను. కానీ ఆ గుంట కంపే మనకి అన్నం పెడతందమ్మా. నేను ఒలిచిన కాయల డొక్కలే అందులో నానేవి. నీ పలకా పుస్తకాలూ అక్కణ్ణించే వచ్చేయి. పోయిన ఏడాది పెద్ద ఓట్లకి గుడ్డ అడ్డం కట్టి పెట్టెలు పెట్టేరు. లోపలికెళ్లి మనకి నచ్చిన పెట్టెలో వేసి వచ్చేం, ఎవడికీ తెలీదు. దీనికి అలాంటిదేం లేదంట. ఆరుబయట, ఎండలో, బంగారరాజుగారు కుర్చీ వేసుకుని చూస్తుండగా చెయ్యెత్తాలంట. నలుగురిలో నన్ను బట్ట విప్పుకోమన్నట్టే ఉంది.

చెల్లి చిట్టెమ్మని రాయవరం నించి పురిటికి తీసుకొచ్చేం. ఏడో నెల. మొన్న గురువారం గాజులు తొడిగేం. ఎవరొచ్చేరనుకున్నావు? బంగారరాజుగారి భార్య రాజ్యలక్ష్మిగారు! వంగి మన చూరు కిందకి వచ్చేరమ్మా. పచ్చగాజులు, రవికలగుడ్డ తెచ్చి, తాంబూలం తమ చేత్తో మీ అమ్మ చేతుల్లో పెట్టేరు. నొప్పులు కష్టమైతే మా పడవలో అమలాపురం ఆసుపత్రికి పంపిస్తాం, భయపడకండన్నారు. మీ అమ్మ రెండు చేతులా పుచ్చుకుంది. నాకు కళ్లంట నీళ్లొచ్చేయి. మన గుమ్మానికి అంత గౌరవం ఎప్పుడు దక్కింది చెప్పు?

చెల్లి నిన్ను అడుగుతోంది. కొత్తపేట సంతలో సన్న అంచు చీర దొరికితే తెమ్మంటోంది.

నాన్న ఏడుకొండలు.

అమ్మాయీ, పైవన్నీ మీ నాన్న అన్నట్టే రాశాను. ఒక్క మాట నా తరఫున చేరుస్తున్నాను. ఆ వారం రాజ్యలక్ష్మిగారు మీ వీధిలో చాలా గడపలు ఎక్కారు. అన్ని ఇళ్లలోనూ గాజుల వేడుక లేదు. - మత్తయి.


కొత్తపేట,
7 మార్చి 1953.

నాన్నా,

మాస్టారు చేర్చిన రెండు ముక్కలూ చదివాక నాకు అన్నం సయించలేదు.

మన వాళ్లలో తాంబూలం పుచ్చుకోవడం అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? పెళ్లి మాటైనా, పొలం కౌలైనా, చేతిలో ఆకూ వక్కా పడ్డాక ఇక వెనక్కి పోం. అమ్మ గాజుల తాంబూలం అనుకుని పుచ్చుకుంది. పెట్టినవాళ్లు ఓటు తాంబూలం అనుకుని పెట్టారు. చేతులెత్తే రోజు వచ్చేసరికి బంగారరాజుగారి గుమాస్తా తాతాజీ మన గుమ్మంలో నిలబడి, "పుచ్చుకున్నారు కదా, మాట తప్పుతారా?" అంటాడు. నువ్వు తల వంచుకుంటావు. నాకు నువ్వు తెలుసు. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి క్షమిస్తావు గాని, తాంబూలం పుచ్చుకుని మాట తప్పినవాడి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టవు.

అది మన ఇంటి ఆడపిల్లకి ఇచ్చిన దీవెన. నీ చేతిని కొనుక్కున్న బయానా కాదు. ఇవాళే ఆ మాట నలుగురిలో అనెయ్యి నాన్నా. ఆలస్యమైన కొద్దీ ఒప్పుకున్నట్టే అవుతుంది.

చెల్లికి ఇచ్చే నీళ్లు అమ్మని తెర్లకాచి, చల్లార్చి, గుడ్డ కట్టి ఉంచమను. చీర కొన్నాను. సన్న అంచే.

రత్నమాల.


పొన్నవానిపాలెం,
20-3-1953.

చిరంజీవి రత్నమాలకు ఏడుకొండలు ఆశీర్వదించి వ్రాయించునది. ఉభయకుశలోపరి. ఇక్కడ యావన్మందిమి క్షేమముగా నున్నాము. చి॥సౌ॥ చిట్టెమ్మ పూర్తిగా కులాసాగా నున్నది. ఆమె విషయమై నీవు ఎట్టి బెంగయు పెట్టుకొనవలదు.

మత్తయి మాస్టరుగారు కొన్ని కారణముల వలన మన ఇంటికి వచ్చుట మానుకొనిరి. ఇకమీదట మన ఉత్తర ప్రత్యుత్తరములు శ్రీ తాతాజీగారు చూచెదరు. శ్రీ బంగారరాజుగారు మన కుటుంబము పట్ల చూపుచున్న దయ నీకు తెలియనిది కాదు. నీవు పై ఊరిలో ఉద్యోగము చేసుకొను ఆడపిల్లవు. గ్రామ విషయములలో నీవు జోక్యము కల్గించుకొనుట నాకు ఎంత మాత్రము ఇష్టము లేదు. నీళ్లు మన తాతముత్తాతలు త్రాగినవే. వారు చచ్చిపోలేదు.

ఇట్లు,
ఏడుకొండలు (వ్రేలిముద్ర).


కొత్తపేట,
23 మార్చి 1953.

నాన్నకు నమస్కారాలు.

ఈ ఉత్తరం చదివిపెడుతున్న తాతాజీగారికి కూడా నమస్కారాలు. మా నాన్న నోట ఉభయకుశలోపరి అనే మాట పలికించిన మీ ఓపికని మెచ్చుకుంటున్నానండి. ఆయన నన్ను ఏనాడూ 'నీవు' అనలేదు. తాతముత్తాతలు చచ్చిపోలేదని మీరు రాశారు. మరి ఇప్పుడు వాళ్లెక్కడున్నారో కూడా మీరే సెలవివ్వాలి.

నాన్నా, నీకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. అవి ఇంకొకరి గొంతులోంచి నీకు వినిపించడం నాకిష్టం లేదు. ఒక్కటే అడుగుతాను. చెల్లి నిజంగా కులాసాగానే ఉందా? ఉంటే ఉందని నీ నోటితో నీ మాటల్లో చెప్పు. ఎవరు రాసినా నీ మాట నేను గుర్తుపడతాను.

రత్నమాల.


పొన్నవానిపాలెం కాలువ గట్టు,
13 ఏప్రిల్ 1953.

అమ్మా రత్నం,

ఇది టపా నూకరాజు రాస్తున్నాడు. రోజూ ఉత్తరాల సంచి మోసుకుని మన గట్టంట వెళ్లే నూకరాజే. ఇన్నాళ్లూ నీ ఉత్తరాలు ఎవరికి ఇమ్మంటే వాళ్లకి ఇచ్చేడు. ఇవాళ తూము దగ్గర కూచోబెట్టి రాయించుకుంటన్నాను. చేతిరాత బాగోదు, తిట్టుకోకు అంటన్నాడు.

ముందు ఒక సంగతి. ఆ తాతాజీ రాసిన ఉత్తరంలో చెల్లి పాదాలు వాచేయన్న మాట ఉందా? పొద్దుటికి కళ్ల కింద కూడా ఉబ్బి ఉంటోంది, కొత్తపేటలో డాక్టరమ్మని అడిగి ఏం చెయ్యాలో రాయమని చెప్పేను. తాతాజీ ఆయ్, ఆయ్ అంటా రాసుకున్నాడు. నువ్వు దాని మీద ఏం రాయలేదేంటా అని ఇన్నాళ్లూ చూసేను. నీ ఉత్తరం చదివినప్పుడు, చెల్లికి బాగుంటే చాలని రాసింది అన్నాడు. ఇవాళ ఆ ఉత్తరమే నూకరాజుకి చూపిస్తే, "చెల్లి నిజంగా కులాసాగానే ఉందా అని అడిగింది అన్నా" అన్నాడు. ఆ ముక్క మళ్లీ చదవమన్నాను.

చేతులెత్తిన రోజు సంగతి చెప్తాను. సంత పాకల దగ్గర మగాళ్లని ఒక పక్క, ఆడాళ్లని ఒక పక్క నిలబెట్టేరు. రాజోలు నించి వచ్చిన ఆఫీసరు పేర్లు చదివేడు. బంగారరాజుగారికి ఎత్తేవాళ్లు ఎత్తండన్నాడు. తాతాజీ వరసల మధ్య నడుస్తా ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. "ఏరా ఏడుకొండలూ, భుజం నెప్పా?" అన్నాడు. నేను ఎత్తేనమ్మా. పడవ గుర్తొచ్చింది. తాంబూలం గుర్తొచ్చింది. ఎత్తేను. పక్కకి చూస్తే మన వీధంతా ఎత్తేరు.

మాస్టారి వంతు వచ్చింది. మగాళ్లలో ఎత్తినవాళ్లు కొద్దిమందే. ఆడాళ్లలో ఒకే ఒక్క చెయ్యి లేచింది. మీ అమ్మది.

బంగారరాజుగారు నవ్వేరు. "ఏంటి వీరాయమ్మా, చంకలో గాలాడక ఎత్తేవా?" అన్నారు. జనమంతా నవ్వేరు. "ఆయ్ కాదండి, మాస్టారికేనండి" అంది. తాతాజీ మీదకొచ్చేడు. "తాంబూలం పుచ్చుకున్న నోటితోనే అంటన్నావా?" అన్నాడు. మీ అమ్మ చెయ్యి దించలేదు. "తాంబూలం నమిలి ఉమ్మేసేనండి. నీళ్లు మింగాలి కదండీ" అంది.

ఆఫీసరు ఆ ఒక్క చెయ్యీ లెక్కలో రాసుకున్నాడు.

ప్రెసిడెంటు బంగారరాజుగారే అయ్యేరు. మాస్టారు ఇంకో ఊరి బడికి వెళ్లిపోయేరు. వెళ్లేరో వెళ్లగొట్టేరో నాకు తెలీదు, సామాను బండి కట్టడం మటుకు చూసేను. గుంటలో ఈ వారం కొత్త డొక్కలు పోసేరు. ఎగువ తోటలో బంగారరాజుగారి సొంత బావి దగ్గర ఇన్నాళ్లూ అడిగితే ఒక కడవ పోసేవారు. ఇప్పుడు మీ అమ్మ వెళ్తే, "ఉమ్మేసే నోళ్లకి ఇక్కడ నీళ్లు లేవు" అన్నారంట. పడవ సంగతి నేను అడగలేదు. ఎల్లుండి కాలువ కట్టేస్తారు, ఇక పడవెక్కడ తిరుగుద్ది?

ఇంట్లో నాతో ఎవరూ కోపంగా లేరు. మీ అమ్మ కంచం పెడతంది, ఎదురుగా కూచోడం లేదు. అదే నాకు బాధ.

కాలువ ఇంకా పారతానే ఉంది గాని, మడుగు అంచున అప్పుడే నాచు కడతంది. పక్కింటి చిన్నమ్మలు కొడుక్కి రాత్రి రెండు వాంతులయ్యేయి. పచ్చిమామిడికాయ తిన్నాడంటన్నారు.

ఇకమీద నా ఉత్తరాలు నూకరాజు పేరు పైన రాసి పంపు. వాడే చదువుతాడు.

నాన్న.


అమలాపురం,
4 మే 1953.

నూకరాజు బాబాయికి నమస్కారాలు. ఈ కవరులో ఉన్నది మా నాన్నకి, ఇంటి దగ్గర కాకుండా, తూము దగ్గర కూచోబెట్టి చదివి వినిపించు. లోపల ఒక కార్డు ఉంది. దాన్ని మన ఊరి తపాలా డబ్బాలో వెయ్యకు. నీ సంచిలో పెట్టుకుని నువ్వే రాజోలులో వెయ్యి.

నాన్నా,

ఏప్రిల్ పదమూడున నువ్వు రాయించిన ఉత్తరం తరవాత నాకు ఏ కబురూ లేదు. డాక్టరమ్మని అడిగి, చెల్లిని వెంటనే బండి మీదైనా ఆసుపత్రికి తీసుకురమ్మందని ఆ వారమే రాశాను. అదీ చేరిందో లేదో తెలియదు. ఒక కార్డు కూడా రాశాను. దానికీ జవాబు లేదు. మొన్న రాజోలు వైపునించి బస్సులో వచ్చిన ఒకాయన, పొన్నవానిపాలెం మీదుగా నడిచి రావడానికి భయపడి చుట్టూ తిరిగి వచ్చానన్నాడు. ఎందుకండీ అంటే, వీధి మొదట్లో వేపమండలు కట్టి ఉన్నాయమ్మా, లోపల ఏడుపులు వినిపిస్తున్నాయి, ఇంకేం చూస్తానన్నాడు.

బడికి సెలవు పెట్టి అమలాపురం వచ్చాను. ఆ హెల్త్ ఇన్‌స్పెక్టరుగారినే కలుసుకున్నాను. నన్ను గుర్తుపట్టారు. ఆయన మంచివాడు నాన్నా, కాని ఆయన చేతిలో ఉన్న కాగితం మంచిది కాదు. గ్రామంలో ఎటువంటి అంటువ్యాధీ లేదు, ప్రజలు ఆరోగ్యంగా ఉన్నారు అని మన కొత్త ప్రెసిడెంటుగారు కిందటి వారమే రాసి పంపారు. రోగం ఉందని ఒప్పుకుంటే ముందు గుంట సంగతి అడుగుతారు కదా. అందుకే లేదన్నారు. చుట్టుపక్కల ఊళ్లు ఉందని రాశాయి, సూదిమందు వాటికి వెళ్తోంది.

నేను కళ్లారా చూశానా అని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. లేదన్నాను. "బస్సులో విన్న మాట మీద ప్రెసిడెంటు రిపోర్టుని తోసెయ్యలేనమ్మా. ఆ వీధిలో ఉన్నవాళ్ల నుంచి ఒక్క కాగితం ముక్క ఉంటే చాలు, మందుపెట్టె తీసుకుని ఆ పూటే బయల్దేరతాను" అన్నారు. ఇప్పుడే ఇంటికి పరుగెత్తుకొద్దామని నా ప్రాణం లాగుతోంది. కాని నేను వట్టి చేతులతో వస్తే మీతోపాటు ఏడవడానికి తప్ప ఎందుకూ పనికిరాను. డాక్టరుని వెంటబెట్టుకునే రావాలి.

కార్డు మీద నేనే రాసి పెట్టాను: మా వీధిలో వాంతులు, విరేచనాలు ఉన్నాయి, మడుగు నీళ్లు తాగుతున్నాం, డాక్టరుని పంపించండి, అని. ఇక్కడి నా చిరునామా కూడా రాశాను. కింద ఖాళీ వదిలాను. అది మీ వేలిముద్రల కోసం.

నువ్వెత్తిన చెయ్యి మీద నాకు కోపం లేదు. ఎండలో నిన్ను నిలబెట్టి, నీ పేరు పెట్టి పిలిచి, కడుపుతో ఉన్న కూతుర్ని గుర్తుచేసి ఎత్తించారు. ఆ రోజు మాస్టారికి ఎత్తనందుకు వీధంతా బాధపడుతోందో, ఎత్తినందుకు బాధపడుతోందో నాకు తెలియదు. కాని నాన్నా, అది ఒక్కరోజుతో అయిపోయేది కాదు. ఇది కూడా ఓటే. ఇక్కడ కుర్చీ లేదు. వరసల మధ్య తాతాజీ నడవడు. చెయ్యి పైకెత్తక్కర్లేదు, వేలు కిందికి దించితే చాలు.

సిరా లేకపోతే కుండ మసిలో రెండు చుక్కల కొబ్బరినూనె కలుపు. చిన్నమ్మలునీ, వీధిలో ఇష్టపడినవాళ్లనీ వెయ్యమను. ఎవరూ రాకపోతే మన ఇంటివాళ్లవే చాలు. నీది వెయ్యి. అమ్మది వేయించు. అమ్మ ఎదురుగా కూచుని వేస్తుంది, చూడు. చెల్లి లేవలేకపోతే మంచం దగ్గరికే కార్డు పట్టుకెళ్లు. ఈపాటికి పురుడు వచ్చి ఉండాలి. వచ్చి ఉంటే పసిదాని వేలు కూడా మెల్లిగా అద్దు. అది ఎంత చిన్నగా పడినా నేను గుర్తుపడతాను.

ఆ ముద్రల పక్కన ఎవరి పేరూ రాయించకు, వేసిందెవరో ప్రెసిడెంటుగారికి తెలియక్కర్లేదు. కార్డు అందగానే నేను ముందు వాటినే లెక్కపెట్టుకుంటాను.

చెల్లి చీర నా పెట్టెలోనే ఉంది. తెస్తాను.

కార్డు తొమ్మిదో తారీఖు శనివారం సాయంత్రం టపాకి నాకు ఇక్కడ అందాలి. అందితే ఆ రాత్రే మందుపెట్టెతో బయల్దేరతాం. అందకపోతే ఆదివారం తెల్లవారేసరికి నేనొక్కదాన్నే గట్టంట నడిచి వస్తాను. తొమ్మిదిలోపల జవాబు పంపు నాన్నా.

నీ కూతురు,
రత్నమాల.